పాపం, ఆ కణితి

చంద్రుడి మీద జనం కాపురాలు పెట్టి రెండు తరాలైంది. అక్కడి శశిపురంలో ఎవరింట్లోనైనా పళ్ళు తోముకుంటుంటే అద్దమే రక్తపోటు చూసి, ఎక్కువైతే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలిగి చెప్పేస్తుంది. మార్కండేయులుగారి అద్దం మాత్రం పాతికేళ్ళుగా ఎర్రగానే వెలిగేది.

ఆయన ఊరికి గాలి సరఫరా చేసే గాలిశాఖలో అధికారి. వాల్వు కిర్రుమంటే మెకానిక్ మీద, కాఫీ చల్లారితే భార్య సువర్చల మీద విరుచుకుపడేవాడు. "పాపం, బీపీ మనిషి" అని ఊరంతా సర్దుకుపోయేది. మెత్తనివాళ్ళను చూస్తేనే లేచే ఆ మాయదారి బీపీ పై అధికారుల ముందు ఎక్కడికి పోయేదో ఒక్కరూ అడగలేదు. సువర్చల కూడా అడగలేదు. ఆయన కోసం తానూ ఉప్పులేని పప్పే తింది. జబ్బు తగ్గితే మంచి మొగుడు దొరుకుతాడని ఆవిడ ఆశ.

ఆ ఆశతోనే ఆయన్ను డాక్టర్ ఫరీదా దగ్గరకు తీసుకెళ్ళింది. ఫరీదా కనిపెట్టిన వృక్కశోధిని అనే సూదిమందులో కంటికి కనిపించని రుచిచరాలు ఉంటాయి. ఆ బుల్లి యంత్రాలు రక్తనాళాల్లో ఈదుతూ ఒక్కో కిడ్నీ నుంచి వచ్చే రక్తాన్ని రుచి చూస్తాయి. రక్తపోటును పెంచే రెనిన్ అనే హార్మోన్ ఎక్కడ పొంగుతోందో అక్కడ ఆగుతాయి. స్కానింగుకు చిక్కని కణితిని కూడా పట్టి, కాన్సరో కాదో కోయకుండానే తేల్చి, గడ్డకట్టించి చంపేస్తాయి.

మార్కండేయులుగారి ఎడమ కిడ్నీలో శనగగింజంత కణితి దొరికింది.

"దీన్ని రెనినోమా అంటారమ్మా. చాలా అరుదు. కాన్సర్ కాదు. కానీ బీపీని ఎగదోస్తున్నది ఇదే," అంది ఫరీదా.

"ఇది పోతే ఆయన కోపం కూడా పోతుందాండీ?"

"బీపీ పోతుంది," అని డాక్టరు అంతటితో ఆపేసింది.

చికిత్స అయ్యాక అద్దం పచ్చగా వెలిగింది. సువర్చల సంబరపడి పప్పులో చిటికెడు ఉప్పు వేసింది. ఆయన ఒక్క ముద్ద తిని కంచం విసిరికొట్టాడు.

"ఇన్నేళ్ళొచ్చాయి, వంట చెయ్యడం చేతకాదుటే నీకు?"

చంద్రుడి మీద బరువు తక్కువ కాబట్టి పప్పు నింపాదిగా ఎగిరి వెళ్ళి అద్దానికి అంటుకుంది. దాని వెనక అద్దం పచ్చగానే ఉంది.

ఆఫీసులోనూ అదే తంతు. "ఇప్పుడు మీకు బీపీ లేదు కదండీ?" అని మెకానిక్ మొహం మీదే అడిగేశాడు. ఆయన మీద ఫిర్యాదు పైకి వెళ్ళింది. ఉద్యోగం ఊడేలా ఉందని తెలిసి పెద్దమనిషి భార్యను వెంటబెట్టుకుని ఫరీదా దగ్గరకు పరిగెత్తాడు.

"ఇంకో కణితి ఉండే ఉంటుంది. సరిగ్గా వెతకండి!"

"వెతికామండీ. రెండు కిడ్నీలూ శుభ్రంగా ఉన్నాయి."

ఆయన గొంతు తగ్గించాడు. పై అధికారుల కోసం దాచుకున్న గొంతు అది. సువర్చల ఇంట్లో ఏనాడూ వినలేదు.

"పోనీ... అలాంటిదే ఒకటి మళ్ళీ పెట్టడానికి వీలవుతుందాండీ?"

సువర్చలకు ఒళ్ళంతా అసహ్యంతో జలదరించింది. ఈ మనిషి కోసమా తాను ఇన్నాళ్ళూ నాలుక చంపుకుంది!

"ఇంకో కణితిని బలి చెయ్యకండి డాక్టరుగారూ," అంది. "పాపం, ఆ పోయిన కణితి పాతికేళ్ళూ ఈయన మీద పడాల్సిన నిందలే మోసింది."

ఆయన్ను అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ఒక్కర్తికి సరిపడా పప్పు వండుకుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.