ఇంక చాలు, నువ్వు

“లెఫ్ట్! లెఫ్ట్! అయ్యో, అటు కాదు!”

మోటారు పిడిని కుడికి తోస్తే బోటు ఎడమకు తిరుగుతుందని రాజ్‌కిరణ్‌కు ఎవరూ చెప్పలేదు. అతను కంగారుపడి గట్టిగా తిప్పేశాడు. బోటు గిర్రున తిరిగింది. వెనక నీళ్లలో ఉన్న నాలుగు గాలపు దారాలూ చుట్టుకుని ఉండలైపోయాయి.

మాయ ఆ ఉండను చేతిలోకి తీసుకుని అతని వైపు చూసింది. “నువ్వు ఇంజనీర్ అని నాన్న చెప్పాడు.”

“సాఫ్ట్‌వేర్ అండీ,” అన్నాడు రాజ్‌కిరణ్ నీరసంగా.

మాయ ఇంగ్లండులోని లీసెస్టర్‌లోనే పుట్టింది, అక్కడి హాస్పిటల్లోనే ఫార్మసిస్టు. తండ్రి ఆంజనేయులు అక్కడే జీపీ డాక్టరు. ఆయనకు నడుము పట్టేసి బోటు ఎక్కలేకపోతున్నాడు. నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఓ పుట్టినరోజు పార్టీలో పట్టుకుని, “ఆదివారం ఖాళీనా? మా అమ్మాయికి బోటు నడిపే మనిషి కావాలయ్యా,” అన్నాడు. అలా వచ్చాడు రాజ్‌కిరణ్, ఊరి బయటి రిజర్వాయరుకు.

సీసపు తల ఉన్న చిన్న గాలానికి రబ్బరు తోక తొడిగితే అది జిగ్. అలాంటివి నాలుగు రాడ్లకు కట్టి, బరువైనవి దగ్గరగా, తేలికైనవి దూరంగా వెనక వదిలి, బోటును మనిషి నడకకన్నా మెల్లగా నడపాలి. అమెరికాలో క్రాపీ అనే చేప కోసం ఇలా చేసే వీడియోలు చూసి మాయ నేర్చుకుంది. ఇక్కడ క్రాపీ లేదు. ఒంటిమీద చారలు, ఎర్రటి రెక్కలు ఉన్న పెర్చ్ ఉంది.

వేసవి ముగిసేసరికి రాజ్‌కిరణ్ చెయ్యి కుదురుకుంది. మనసే కుదురు తప్పింది.

మాయ అతన్ని ‘నువ్వు’ అంటుంది. సంతోషిద్దామంటే, వాళ్ల నాన్ననీ అలాగే అంటుంది, ఇంటికొచ్చిన ముసలి అంకుల్‌నీ అలాగే అంటుంది. చేప పడితే అతని భుజం పట్టుకుని ఊపేస్తుంది. అది తన మీద ఇష్టమా, చేప మీద ఇష్టమా? ఎంత ఆలోచించినా తేలలేదు.

అక్టోబరులో ఓ ఆదివారం సన్నగా వాన పడుతోంది. మాయ రాడ్లు వదిలేసి అతని ఎదురుగా కూర్చుంది.

“రాజ్, నేను బాగా థింక్ చేశాను. ఇంక చాలు, నువ్వు.”

అతను పిడి వదిలేశాడు. “నిజంగానా?”

“నిజంగా. నాన్నకి కూడా చెప్పేశా.”

చెబుతూ నవ్వుతోంది! పొమ్మని చెప్పేటప్పుడు ఎవరైనా అంత అందంగా నవ్వుతారా? రాజ్‌కిరణ్‌కు ఏమీ అర్థం కాలేదు. “సరేనండీ,” అని బోటును నేరుగా ఒడ్డుకు తీసుకొచ్చాడు. దారిలో ఆమె నవ్వు ఎప్పుడు మాయమైందో చూడలేదు.

ఆ తర్వాత ఆమె మెసేజులకు ‘బిజీ’ అని జవాబిచ్చాడు. ఆఫీసులో లండన్ ప్రాజెక్టుకు ఒప్పుకున్నాడు. అక్కడ ఈస్ట్ హామ్‌లో రూమ్ కూడా చూసుకున్నాడు. ఇక మిగిలింది ఆంజనేయులు అంకుల్ ఇచ్చిన రెయిన్‌కోటు. అది తిరిగి ఇచ్చేద్దామని ఆదివారం రిజర్వాయరుకు వెళ్లాడు.

మాయ ఒక్కతే బోటు కట్టేసుకుని కూర్చుని చిక్కులు తీస్తోంది.

“కోటు ఇద్దామని వచ్చానండీ. లండన్ పోతున్నా.”

“లండనా? నేను అంత పెద్ద మాట చెప్తే, యూ జస్ట్ పార్క్‌డ్ ద బోట్! ఇప్పుడు లండనా?”

“ఏందండీ, మీరే కదా చాలన్నారు!”

“అవును, చాలు! యూ ఆర్ ఇనఫ్! ఇంకెవరూ వద్దు అని!”

రాజ్‌కిరణ్ చేతిలోని కోటు కింద పెట్టేశాడు.

“దాన్ని... ‘నువ్వుంటే చాలు’ అనాలండీ.”

“ఓహ్.” మాయ ముఖం కందిపోయింది. “మరి నేనేమన్నాను?”

“నీతో వేగలేను, ఇక పో అన్నారు.”

ఆమె చిక్కుపడ్డ దారాల్లోనే తల దాచుకుంది. “ఓ గాడ్. నీతో ఏమన్నానో చెప్పినప్పటినుంచీ నాన్న ఒకటే నవ్వుతున్నాడు, అందుకేనా! రేపే మాట్లాడతాను అబ్బాయితో అన్నాడు. నేనే వద్దన్నా.”

రాజ్‌కిరణ్ బోటులోకి దిగాడు. బోటు ఊగింది. పడిపోకుండా ఆమె ఎదురుగా కూలబడి, మొదటిసారి ‘మీరు’ వదిలేశాడు.

“లండన్ పోను. రేపే ఆఫీసులో చెప్పేస్తా. మాయా, నువ్వు కనబడని ఆదివారం నాకు పొద్దుపోవడం లేదు. పొద్దున లేచిందగ్గర్నుంచి ప్రాణం ఇక్కడే కొట్టుకుంటా ఉంది. నువ్వు తిట్టినా సరే, నీ ఎదురుగా ఇట్టా కూర్చోనుంటే అదే పదివేలు నాకు.”

మాయ కళ్లు చిట్లించింది. “టూ ఫాస్ట్. సగం అర్థం కాలేదు. మళ్లీ చెప్పు, మెల్లగా.”

అతను మళ్లీ మొదలుపెట్టాడు, ఒక్కొక్క మాటా విడదీసి. సగంలో ఉండగా ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకోవడం చూశాడు. మొదటిసారే ఆమెకు అంతా అర్థమైందని అప్పుడు తెలిసింది.

అయినా ఆపకుండా చివరిదాకా చెప్పాడు.