మిల్టన్ కీన్స్ పిరమిడ్ మీద తెల్లబట్ట

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ ఊరి చివర, గోడౌన్ల వెనకాల, ఓ పాడుబడ్డ మాయన్ నగరం ఉంది. అసలుది కాదు లెండి. పిల్లలు మినీ గోల్ఫ్ ఆడుకోడానికి ఫైబర్‌తో కట్టారు. లాక్‌డౌన్‌లో మూతపడింది. పిరమిడ్డు, రాతి మొహాలు, బలిపీఠం అన్నీ అలాగే ఉన్నాయి.

చీకటి పడితే అటు కుక్కని కూడా తీసుకెళ్లొద్దంటారు. సెలవులొచ్చాయంటే చాలు, పిరమిడ్ మీద తెల్లగా ఏదో నిలబడుతుందట. ఉన్నట్టుండి మెరుపులు... గుసగుసలు... కౌన్సిల్ వాళ్లు కంచె వేసి చేతులు దులుపుకున్నారు.

అలాంటి చోటికి వెంకటసుబ్బారావు ఎందుకెళ్లాడయ్యా అంటే, పరువు కోసం!

కిందటేడు అదే ఊళ్లో ఉండే విజయభాస్కర్ మెక్సికో వెళ్లి అసలైన మాయన్ నగరం చూసొచ్చాడు. అప్పట్నుంచి ఎవరింట్లో బర్త్‌డే అయినా, పళ్లెంలో బిర్యానీ చల్లారిపోతున్నా, అదే పురాణం. పిరమిడ్ ముందు చప్పట్లు కొడితే పిట్ట కూత వినిపిస్తుందట. సుబ్బారావుకి ఒళ్లు మండింది. ఈ క్రిస్మస్‌కి మేమూ అక్కడికే అని తెలుగు సమితి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు, సూట్‌కేసుల ఫొటోతో సహా.

తీరా చూస్తే తను పనిచేసే వేర్‌హౌస్‌లో డ్యూటీల రోటా మారి లీవు ఎగిరిపోయింది. ఆ ముక్క గ్రూపులో చెప్పొచ్చుగా? అబ్బే! మొగుడూ పెళ్లాం కర్టెన్లు బిగించుకున్నారు. పోపు వాసన వీధిలోకి పోతుందని బ్రెడ్డు తిన్నారు. డ్యూటీకి మొహానికి మఫ్లర్ చుట్టుకుని వెళ్లొచ్చేవాడు పాపం. ఈలోగా గ్రూపులో ఫొటోలేవీ, ఫొటోలేవీ అని ఒకటే గోల. ఇవాళ ఫొటో పడకపోతే ఇక ఈ ఊళ్లో తలెత్తుకోలేనని భార్య నాగేశ్వరి తేల్చి చెప్పేసింది.

అదీ సంగతి. అందుకే వెళ్లాడు.

చలికాలం కదా, సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయింది. పైన చలికోటు, లోపల పూల చొక్కా. కంచె సందులోంచి దూరాడు. ఎదురుగా ఓ రాతి మొహం నోరు తెరుచుకుని చూస్తోంది... అది గోల్ఫ్ బంతి దూరే నోరని తెలుసు. తెలిసినా దానికి దూరంగా చుట్టూ తిరిగి వెళ్లాడు.

కోటు విప్పి, వణుక్కుంటూ, ఫోను ఓ రాయి మీద నిలబెట్టాడు. వీడియోకి బాగుంటుందని చప్పట్లు కొట్టాడు.

ఏ పిట్టా కూయలేదు.

మళ్లీ కొట్టాడు. పైన... ఎవరో దగ్గారు.

తలెత్తి చూశాడు. పిరమిడ్ కొసన తెల్లగా... నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా... పరిగెడదామంటే కంచె సందు ఎటుందో తెలియలేదు. హనుమంతుణ్ణి తలుచుకుందామంటే చాలీసాలో మొదటి ముక్కే గుర్తురాలేదు. ఆ తెల్లది ఒక్కో మెట్టూ దిగుతోంది. ఇంత బతుకూ బతికి పూల చొక్కాలో పోతున్నానే అని ఏడుపొచ్చింది సుబ్బారావుకి.

అది దగ్గరికొచ్చి ఆగింది.

"సుబ్బారావు గారూ..." అంది గుసగుసగా. "మీరు మెక్సికోలో కదా ఉండాలి?"

ఎరిగున్న గొంతే! ఒంటికి తెల్ల దుప్పటి, తలకి ఎడారి వాళ్లలా చుట్టిన తువ్వాలు. విజయభాస్కర్! మొన్ననే ఎయిర్‌పోర్ట్ ఫొటో పెట్టి, ఈజిప్టు వెళ్తున్నామని గ్రూపులో అందరి దగ్గరా సెలవు తీసుకున్న మనిషి.

"మీరు ఈజిప్టులో కదా..." అన్నాడు సుబ్బారావు, పళ్లు టకటకలాడుతుంటే.

అక్కడా పిరమిడ్డే, ఇక్కడా పిరమిడ్డే అని గొణిగాడు విజయభాస్కర్. కిందటేడు కూసిన పిట్ట ఏ ఊరిదో సుబ్బారావుకి అప్పుడర్థమైంది. అయినా అడగలేదు. ఒకరి గుట్టు ఒకరి చేతిలో పడ్డాక ఇంక కోపమేముంటుంది? నువ్వు నాది తియ్యి, నేను నీది తీస్తానని ఒప్పందానికొచ్చారు. ఫ్లాష్ మీద ఫ్లాష్ కొట్టుకున్నారు. ఏడాదిగా మండుతున్న సుబ్బారావు కడుపు చల్లబడింది.

అంతలో... వెనక చీకట్లో... గాజుల చప్పుడు.

ఇద్దరూ ఒకళ్ల చెయ్యి ఒకళ్లు గట్టిగా పట్టుకున్నారు. ఫోను లైటు అటు తిప్పారు. రాతి మొహం పక్కన, పట్టుచీర మీద స్వెట్టర్‌తో, తెలుగు సమితి ప్రెసిడెంటు జయలక్ష్మి నిలబడి ఉంది.

"మీ ఫొటోలు కానివ్వండి అన్నయ్యగారూ, తొందరేం లేదు," అందామె మెల్లగా. "మాది కంబోడియా. నా వెనకాల బాలీ వాళ్లున్నారు."