యూరియా అల్లుడు

"రెండోసారి చాయ్ పెట్ట అంటే పెట్ట," అంటూ వినోద పొయ్యి ఆర్పేసి, గిన్నె మీద మూత బోర్లించింది.

"ఒక్క గిలాసడు చాయ్‌కి సిలిండర్ ఒడుస్తదా?" లుంగీ మీద గడప దగ్గర కూర్చున్న హరీష్ పేపర్ లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఒడుస్తదో ఒడువదో రేపు బియ్యం ఉడకనప్పుడు తెలుస్తది. బుక్ జేసి ఎన్ని దినాలాయె? బండాయన ఫోన్ గూడ ఎత్తుతలేడు."

"గా చాయ్‌పత్త డబ్బా మీదనన్న నాకు హక్కు ఉందా లేదా?"

"డబ్బా నీదే. పొడి నములు."

జడలు వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని నిలబడిన భవ్యశ్రీ కిసుక్కున నవ్వింది. "డాడీ, మీ ఫ్యాక్టరీల మస్తు గ్యాస్ ఉంటది గద. జర ఇంటికి తీసుకరా."

హరీష్ పేపర్ మడిచాడు. "అది వేరే గ్యాస్ బిడ్డా. సిలిండర్ల వచ్చేది వేరు. మా దగ్గర భూమిల పైపులేసి తెస్తరు. దాంతోనే యూరియా తయారైతది."

"ఏదైతేంది? రెండూ రాలే గద," అంది వినోద.

అన్న తర్వాత అనకుండా ఉండాల్సింది అనిపించింది. హరీష్ పేపర్ పక్కన పడేశాడు. లేచి పెరట్లోకి వెళ్లి, పొద్దున్నే కడిగిన సైకిల్‌ను మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

వాళ్లు ఉండేది గోదావరి ఇవతలి ఒడ్డున, ఎరువుల ఫ్యాక్టరీకి ఎదురుగా ఉన్న రేకుల కాలనీలో. హరీష్ బస్తాలు నింపి మూతి కుట్టే మిషన్ల దగ్గర కాంట్రాక్టు పనివాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఫ్యాక్టరీ హోరుకు వినోదకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆ హోరు ఆగిపోయి రెండు నెలలు కావస్తుంటే నిశ్శబ్దానికి నిద్ర పట్టడం లేదు. దేశంలో దొరికే గ్యాస్ చాలదట. సగానికి సగం గల్ఫ్ దేశాల నుంచి, చల్లబరిచి నీళ్లలా చేసి ఓడల్లో తెస్తారట. ఒడ్డున మళ్లీ గ్యాస్ చేసి పైపుల్లోకి వదులుతారట. అక్కడెక్కడో సముద్రంలో లడాయి జరిగి ఓడలు నిలిచిపోయాయి. ఇక్కడ మిషన్లు ఆగాయి. పర్మనెంటు వాళ్లకు సగం జీతమన్నా వస్తోంది. హరీష్ లాంటి వాళ్లకు కాంట్రాక్టర్ ఒకే మాట చెప్పాడు: "పనుంటే పిలుస్త."

"మీ బాపుకు మాత్రం చెప్పకు," అన్నాడు హరీష్ ఆ రోజే. వినోద సరేనంది. తన పుట్టినూరు చెన్నూరు దగ్గర. ఆ ఊళ్లో హరీష్‌ను పేరు పెట్టి ఎవరూ పిలవరు. యూరియా అల్లుడు అంటారు. బస్సు దిగగానే "ఏం యూరియా అల్లుడా, జేబుల ఏమన్న తెచ్చినవా?" అని నవ్వుతారు. ఆ నవ్వులో కొంత గౌరవం కూడా ఉందని హరీష్‌కు తెలుసు. వినోద తండ్రి బాలమల్లుకు ఇంకా బాగా తెలుసు.

ఆ బాలమల్లే అప్పుడు గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. చంకలో ఒక సొరకాయ, భుజాన మడిచిన రెండు ఖాళీ సంచులు.

"తాత వచ్చిండు!" అంటూ భవ్యశ్రీ ఎదురుపరిగెత్తింది.

హరీష్ పెరటి దారిన లోపలికి దూరాడు. మామ కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చునేలోపు నీలం యూనిఫాం అంగీ తొడుక్కుని, ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చాడు. "మామా, బాగున్నవా? డ్యూటీకి ఆలస్యమైతుంది. మధ్యాహ్నం వస్త," అంటూనే సైకిలెక్కాడు. వినోద అటు తిరిగి సొరకాయను కత్తిపీట దగ్గర పెట్టింది.

"ఇయ్యాల చప్పుడు లేదేంది బిడ్డా ఫ్యాక్టరీల?" బాలమల్లు చెవి అటువైపు పెట్టి అడిగాడు.

"రిపేర్ నడుస్తుంది బాపు."

"అట్లనా? టీవీల ఏందో ఓడలు ఆగినయంటున్నరు, అందుకే యూరియా వస్తలేదంటున్నరు. ఓడలకూ మన వరికీ ఏం సంబంధమో నాకైతే సమజ్ గాలే." నవ్వాడు. "ఉన్న రెండెకరాలు పచ్చగ కాదు, పసుపు పూసినట్టున్నది. నాటేసినంక ఒక్క గింజ సల్లలే. సొసైటీకి యూరియా లారీ వచ్చిన నాడు ఊరంతా ఆడనే. లైన్ల నిలబడలేక చెప్పులు పెడుతున్నరు. చెప్పుల మీద ఆధార్ జిరాక్సు, దాని మీద రాయి. నేను మాత్రం పోలే. నాకేం ఫికర్, మా అల్లుడే చేస్తడు యూరియా అని చెప్పిన."

వినోద చేతిలో సొరకాయ తొక్క తెగకుండా పొడుగ్గా దిగుతోంది. దాన్నే చూస్తూ కూర్చుంది. చెప్పేద్దామా అని నోటి దాకా వచ్చింది. సైకిల్ మీద ఖాళీ డబ్బాతో పోతున్న మనిషి వీపు గుర్తొచ్చి ఆగిపోయింది.

మధ్యాహ్నం అన్నాల వేళకు హరీష్ వచ్చాడు. బాలమల్లు సంచులు విప్పి మోకాళ్ల మీద పరుచుకున్నాడు.

"రెండే రెండు బస్తాలు అల్లుడా. ఊరికె వద్దు. ఎంతైతే అంత ఇస్త."

"అట్ల ఇయ్యరు మామా. లోపలి నుంచి ఒక్క గింజ గూడ బయటికి రానియ్యరు. గేటు కాడ జేబులు తడుముతరు."

"దొంగతనం జెయ్యమంటున్ననా? మీ సార్‌ను ఒక్క మాట అడుగు. మామ ముసలోడు, లైన్ల నిలబడలేడని చెప్పు."

"అడిగేటట్టు లేదు."

"అడిగేటట్టు లేదా, నీకు అడగబుద్ధి లేదా?"

హరీష్ ఇంకో ముద్ద కలిపాడు. చెప్పగలిగిన ఒకే ఒక్క నిజమైన జవాబు ఆ పెదవుల వెనుక ఉందని వినోదకు తెలుసు. ఆయన దాన్ని అన్నంతో పాటు మింగేశాడు.

బాలమల్లు సంచులు మళ్లీ మడతపెట్టాడు. అంచులు కలిపి, చేత్తో సాపుచేసి, నెమ్మదిగా. "పోతున్న బిడ్డా."

"అన్నం తినకనే పోతవా బాపు!"

"ఆకలైతలేదు. మూడింటికి బస్సుంది." గేటు దగ్గర ఒకసారి ఆగాడు. "అల్లుణ్ని ఏమనకు. వాని నౌకరి వానికి ముఖ్యం. నేనే ఊళ్లె ఎక్కువ జెప్పుకున్న."

ఆ సాయంత్రం వినోద గిన్నెలు తోముతూ అంది, "చెప్పేస్తే ఏం పోయేది?"

"ఏం పోయేదా? రేపు మీ ఊళ్లె బస్సు దిగితే ఏమని పిలుస్తరు నన్ను?"

"ఏదో ఒకటి పిలుస్తరు. పిలిస్తే ఒంటికి అంటుకుంటదా?"

"నీకు అంటుకోదు," అన్నాడు హరీష్. వినోద మాటను అక్కడికే తెంపేసింది. ఇంకో మాట అంటే ఆయన రాత్రి తినడు, తినకపోతే తను తినలేదు, ఇద్దరి మొహాలూ చూసి పిల్ల తినదు. చిన్న ఇంట్లో ఏ మౌనమైనా మూడు కంచాల మీద పడుతుంది.

పది పన్నెండు రోజులకు వినోద తల్లి బాలలక్ష్మి నుంచి ఫోన్ వచ్చింది. మాట సరిగా రావడం లేదు. "మంచిర్యాల దవాఖానల ఉన్నం బిడ్డా. మీ బాపు కాలు... జల్ది రా."

వినోద చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. మత్తులో ఉన్న బాలమల్లు మొహం, గడ్డం తెల్లగా మొలిచి, ఎవరో తెలియని ముసలాయన మొహంలా ఉంది. మంచం కింద ఒక ప్లాస్టిక్ సంచిలో ఆయన చెప్పులు ఉన్నాయి. రెండూ ఉన్నాయి. బురద ఎండి తెల్లబడ్డాయి.

"ఏమైందే అవ్వా?"

బాలలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "మీ ఇంటి నుంచి వచ్చినంక తెల్లారే సొసైటీకి పోయిండు. లైన్ల చెప్పులు పెట్టి, వానల వట్టికాళ్లతోని తిరిగిండు. చెప్పులు తీస్తే నంబర్ పోతదట. లారీ రాలే. తెల్లారి మళ్ల పోయిండు. గట్ల మూడు నాలుగు రోజులు, చెప్పులు ఆడ, మనిషి బురదల. ఏదో గాజుపెంక దిగింది. సక్కెర బీమారి గద, కాళ్లు తిమ్మిరి, తెల్వనే తెల్వలే. రక్తం నేను జూసి లొల్లి జేస్తే గుడ్డపేలిక కట్టుకుని మళ్ల పోయిండు."

"ఎవరినన్న పంపొద్దా?"

"ఎవరున్నరు పంప? అల్లుణ్ని పిలుద్దామన్న. నా మీదికి లేచిండు. పొల్లగాడు డ్యూటీల ఉంటడు, నౌకరి పాడుజేసుకుని వచ్చి నీ లైన్ల నిలబడుతడా, ఫోన్ జేస్తే చూడు అన్నడు."

వినోద గోడకు ఆనుకుంది. ఆ మూడు నాలుగు రోజులూ హరీష్ ఏం చేశాడో ఆమెకు గుర్తుంది. సైకిల్ కడిగాడు. రేకుల కింద కారే చోట తారు పూశాడు. భవ్యశ్రీ పుస్తకాలకు అట్టలు వేశాడు. పొద్దంతా గడప దగ్గర కూర్చుని, కదలని ఫ్యాక్టరీ గొట్టాన్ని చూశాడు. బస్సెక్కితే గంటన్నర దూరంలో, డ్యూటీలో ఉన్న అల్లుణ్ని ఇబ్బంది పెట్టకూడదని ఒక ముసలాయన వట్టికాళ్లతో బురదలో తిరిగాడు.

సాయంత్రం హరీష్ వచ్చాడు. వరండాలో అతన్ని చూసిన వినోద అక్కడే నిలబడిపోయింది. నీలం అంగీ. జేబు మీద ఫ్యాక్టరీ గుర్తు. ఇస్త్రీ కూడా చేసుకుని వచ్చాడు.

"ఆ అంగీ ఎందుకు తొడుక్కొచ్చినవ్?"

"మామ జూస్తే..."

"ఇంకా ఏం జూస్తడు? నువ్వు డ్యూటీల ఉన్నవనే నిన్ను పిలువలే. ఎర్కనా? నీ నౌకరి పోవద్దని నిన్ను పిలువలే. లేని నౌకరి!" ఆమె గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే బాగుండుననిపించింది హరీష్‌కు. "నువ్వు గడపల కూసున్నవ్. ఆయన నీ బదులు నిలబడ్డడు. నేను రెండు దిక్కులా తెలిసి, నోరు మూసుకున్న. నీ ఒక్కని తప్పు అంటలేను. కత్తిపీట ముంగట కూసుని బాపుకు రిపేర్ అని చెప్పింది నేనే."

హరీష్ గోడ వైపు తిరిగి, మెడ దగ్గర గుండీ ఒకటి విప్పాడు. తర్వాత ఇంకొకటి. అంగీ విప్పేసి, ఉండచుట్టి, బనియన్ మీద ఆ వరండాలోనే కూర్చుండిపోయాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడుస్తున్న భర్తను వినోద మొదటిసారి చూసింది. పక్కన కూర్చోవాలని ఉంది. ముందు తలుపులోంచి తండ్రి మంచం వైపు చూసింది. కాసేపటికి వెళ్లి కూర్చుంది.

దవాఖాన నుంచి పంపించాక అందరూ బాలమల్లు ఊరికి వచ్చారు. ఇంటికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం బాలలక్ష్మి కట్టెల పొయ్యి మీద మొక్కజొన్న రవ్వతో గట్క, పచ్చిపులుసు, పప్పు చేసింది. ఊళ్లోనూ సిలిండర్ రావడం లేదు. బాలమల్లు మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మిగతా వాళ్లు కింద వరసగా కూర్చున్నారు. తలుపు తీసి ఉంటే చేను కనిపిస్తుంది. యూరియా దొరికిన పక్క మడులు కాస్త పచ్చబడ్డాయి. వీళ్ల రెండెకరాలు మాత్రం ఎవరో గీసినట్టు హద్దు దాకా పసుపు రంగే.

"తిను అల్లుడా. ఎన్ని దినాలు సెలవు పెట్టినవ్?" బాలమల్లు అడిగాడు. "నా గురించి నౌకరి పోగొట్టుకునేవు. రేపు బండెక్కు."

హరీష్ చేతిలో ముద్ద ఆగింది. వినోద అతని వైపు చూడలేదు. భవ్యశ్రీ పళ్లెంలో పప్పు వేయడంలో నిమగ్నమైనట్టు తల దించుకుంది. ఈ మాట తను చెప్పకూడదు. ఆయనే చెప్పాలి.

"మామా, నాకు డ్యూటీ లేదు."

"ఇయ్యాలనా?"

"రెండు నెలలు దాటింది డ్యూటీ లేక. గ్యాస్ రాక ఫ్యాక్టరీ బందైంది. నువ్వు మా ఇంటికి వచ్చిన నాడు గూడ నేను ఉత్త డబ్బా పట్టుకుని చెరువుకట్ట మీద కూసున్న."

బాలలక్ష్మి చేతిలో గరిట గిన్నె అంచుకు తగిలి చిన్నగా మోగింది. బాలమల్లు అల్లుణ్ని చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు. కూతురు కళ్లు దించుకుంది. ఆయనకు అంతా అర్థమైంది.

"అంటే," అన్నాడు, "ఆ ఓడలు ఆగినయంటే... ఇదేనా?"

"ఇదే మామా. ఆడ ఓడ ఆగితే మా మిషన్ ఆగుతది. మా మిషన్ ఆగితే నీ చేను..." హరీష్ తలుపు అవతలి పసుపు మడి వైపు తల తిప్పాడు.

బాలమల్లు తన కాలి కట్టు వైపు చూసుకున్నాడు. "అరె, ముందుగాల జెప్తే నీ చెప్పులు గూడ లైన్ల పెడుదును గద అల్లుడా. నాలుగు బస్తాలొచ్చు," అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మోచేత్తో కళ్లు అద్దుకున్నాడు. "నేను గూడ నిన్ను మనిషని చెప్పుకోలే ఊళ్లె. యూరియా అనే చెప్పుకున్న."

వినోదకు పళ్లెం మసకబారింది. భవ్యశ్రీ ఎవరి మొహం చూడాలో తెలియక తాత మంచం దగ్గరికి జరిగి, కట్టు లేని కాలి మీద చెయ్యి వేసింది.

హరీష్ చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. వీపు నిటారుగా చేసి కూర్చున్నాడు. ఇల్లంతా వినేటట్టు, కానీ మామ ఒక్కడితోనే అన్నాడు:

"ఫ్యాక్టరీ ఎన్నడు తెరుస్తరో తెల్వది మామా. తెరిచేదాక ఈడనే ఉంటం. పిల్లను చెన్నూరు బడిల ఏస్తం. ఈ పంట నేను జూసుకుంట. సగమొస్తే సగం, ఏం రాకుంటే ఏం రాదు. రేపు సొసైటీకి లారీ వస్తదంటున్నరు. పొద్దుగాల్నే పోత." ఒక క్షణం ఆగాడు. "చెప్పులు పెట్ట. నేనే నిలబడుత."

బాలమల్లు తలుపు అవతలి చేను వైపు చూసి, కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా, అల్లుని పళ్లెంల ఒక్క ముద్దనే ఉన్నది. జర గట్క పెట్టు."