ఏడు మెలికల వెలుగు

పొద్దున ఎనిమిదింటికి, చిక్కడపల్లి నడిబొడ్డున, ఫిజిక్స్ సైంటిస్ట్ రమాకాంత్‌ను లాబ్ మెట్ల మీదే కాల్చి చంపారు. తొమ్మిదింటికల్లా ఏజెంట్ ఇంద్రసేనకు చీఫ్ సుందరరావు ఫోన్.

"జంట ఫోటాన్లు తెలుసు గదా? ఎంత దూరాన ఉన్నా, ఒకదాన్ని కొలిస్తే రెండోదాని సంగతి తెలిసిపోతది. లోకమంతా ఫోటాన్‌కు రెండు స్థితులతోనే కుస్తీ పడుతుంటే, రమాకాంత్ వెలుగును మెలిపెట్టి ఏడు సాధించిండు. వాటితో అల్లిన కోడ్‌ను దొంగచాటుగ చదవడం ఎవని తరమూ కాదు. ఆ జంటల్ని పుట్టించే క్రిస్టల్‌ను ఎత్తుకపోయిన్రు. చేసే విద్య ఆయనతోనే పోయింది. ఉన్నది అదొక్కటే."

"ఎవరు సార్?"

"విదేశీ ముఠా. మన ఏజెంట్ హారతి వాళ్ళ మనిషిలెక్క వాళ్ళలోనే ఉంది. పదకొండింటికి నారాయణగూడ ఇరానీ హోటల్‌ల సరుకు చేతులు మారుతది. పట్టుకరా."

ఇంద్రసేన అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల గ్రూప్స్ అభ్యర్థి వేషం వేశాడు. చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకం, చొక్కా గుండీలో కెమెరా. నలభై రెండేళ్ళవాడు ఇంకా పరీక్షలకు చదువుతున్నాడంటే అక్కడ ఎవరూ తల తిప్పి చూడరు. మేకప్ కూడా అక్కర్లేదు, మొహంలో ఆశ లేకపోతే చాలు.

అతను హోటల్‌లో చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండుకు ఐదు నిమిషాలుండగా హారతి వచ్చింది. నల్లకళ్ళద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర. హోటలంతా చాయ్ తాగడం మరిచిపోయింది. ఆరేళ్ళుగా ఆమెను నమ్మి, చెప్పుకోలేక ప్రేమించినవాడు ఇంద్రసేన.

"అక్కా, నోటిఫికేషన్ పడ్డదా?" కోడ్ వాక్యం అడిగాడు.

"పడ్డది. కోర్టు స్టే ఇచ్చింది." జవాబు సరైనదే. కానీ ఎదురుగా కూర్చుని, పేపర్ చాటున పిస్టల్‌ను అతని పొట్టకు గురిపెట్టింది. "కదలకు ఇంద్రా. రమాకాంత్‌ను కాల్చింది నేనే."

"ఎందుకు హారతీ?"

"రెండు దిక్కులా అబద్ధమాడి పరేషానైన. ఇట్లనన్న ఒక దిక్కు మిగులుతది."

రెండో చేత్తో పక్క బల్ల దగ్గరి సూటువాడికి చిన్న డబ్బీ అందించింది. వాడు మూత తీసి సరుకు చూసుకున్నాడు. బయట కారు ఇంజన్ ఆన్‌లోనే ఉంది. తమ బలగం రావడానికి ఇంకా పది నిమిషాలు. దాన్ని దక్కించుకునే దారి లేదని ఇంద్రసేనకు అర్థమైంది. వేడీ తడీ ఒక్కసారిగా తగిలితే అలాంటి క్రిస్టల్ బతకదనీ అతనికి తెలుసు.

పిస్టల్‌ను లెక్కచేయకుండా, పొగలు కక్కే చాయ్ ఎత్తి సూటువాడి చేతిలోని డబ్బీలో కుమ్మరించాడు.

టప్‌మని చిన్న చప్పుడు. చింతగింజంత క్రిస్టల్ నాలుగు ముక్కలైంది. సూటువాడు హారతి వంక కూడా చూడకుండా కారెక్కి ఉడాయించాడు. ఆమె కాల్చలేదు. పిస్టల్ బల్ల మీద పెట్టేసి, "రమాకాంత్ చానా ఏండ్లు కష్టపడ్డడు, పాపం" అంది. ఇంద్రసేనకు ఏడుపొచ్చింది.

బలగం వచ్చాక ఆమెను అప్పగించి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"శభాష్! వాళ్ళకేం దక్కలే. మిషన్ సక్సెస్!"

"మనకూ దక్కలేదు సార్."

"గది రిపోర్టుల రాయకు."