ఎర్ర ఉల్లిగడ్డ పాఠం

"ఉల్లిగడ్డ గురించి గూడ మాకు మీరు చెప్పాల్నా, మేడం?"

గోదావరిఖని కమ్యూనిటీ హాల్లో వెనక వరస నుంచి అడిగాడు ఉపేందర్. గనిలో ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. కళ్లకింకా కాటుకలా బొగ్గు. న్యూట్రిషన్ చదువుతూ, అక్కడ పాఠం చెప్పడానికొచ్చిన భవ్యకు ఒళ్లు మండింది.

"అయితే మీరే చెప్పండి, దీనికి ఈ ఎరుపు ఎలా వచ్చింది?"

అందరూ అతని వైపు తిరిగారు. హాలంతా నవ్వింది.

"ఫ్లేవనాయిడ్లనే రంగు పదార్థాల వల్ల. ఉల్లిలో, నేరేడులో, టీలో ఉంటాయి. గుండెకీ, బీపీకీ మేలు చేయొచ్చంటున్నారు."

మర్నాటి నుంచి డ్యూటీ దిగగానే టిఫిన్ డబ్బాతో ఉపేందర్ ఆమె ఇంటి గేటు ముందు ప్రత్యక్షం.

"మీ ఫ్లేవనాయిడ్లు, మేడం."

నేరేడు పళ్లు. సగం డబ్బానే.

"ఏదీ, నాలుక చూపించండి!"

ఊదారంగు నాలుక బయటపెట్టి నవ్వేవాడు. నేరేళ్ల కాలం అయిపోయాక కూడా, వానలో తడుస్తూ ఖాళీ డబ్బాతో వచ్చేవాడు. ఆమె గొడుగు పట్టుకుని గేటు దగ్గరే ఉండేది.

ఒక వారం అతను రాలేదు. తర్వాత తెలిసింది, వాళ్ల నాన్న సదయ్య పక్షవాతంతో దవాఖానలో ఉన్నాడని.

ముప్పై ఏళ్లు గనిలోకి దిగిన మనిషి సదయ్య. పైకొచ్చి బెల్లంముక్క తింటే గొంతులో దుమ్ము పోతుందని నమ్మినవాడు. ఉల్లిగడ్డ బీపీకి మంచిదని కొడుకు చెప్తే, మాత్రలు పక్కన పడేశాడు.

భవ్య వార్డులోకి రాగానే ఉపేందర్ తల్లి లస్మవ్వ ముఖం తిప్పుకుంది. "ఆంధ్ర పిల్ల మాటవట్టి మందులు బందు వెట్టిండు!"

భవ్య ఉపేందర్ వైపు తిరిగింది. "ఆ రోజు పాఠంలోనే మాత్రలు మానొద్దని చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"నేను ఇనలే."

"హాల్లోనే ఉన్నారు కదా!"

"ఉన్న. నీ దిక్కే చూస్తున్న. జడ ముందలికేసుకొని బోర్డు మీద రాస్తున్నవ్. గదే యాదికున్నది. మాట చెవిలవడలే."

రెండు నెలలుగా ఈ మాట కోసమే గేటు దగ్గర నిలబడింది భవ్య. తీరా వచ్చాక సంతోషం కాదు, ఏడుపొచ్చింది. అతన్ని తిట్టాలనిపించింది, చేతకాలేదు.

మంచం మీద సదయ్య వంకర పోయిన మూతితో ఏదో గొణిగాడు. ఆమె వంగింది.

"రోజుకు రెండే ఉల్లిగడ్డలు తిన్న బిడ్డా. తక్కువైందా?"

భవ్య బల్ల మీది బీపీ మాత్ర చేతిలోకి తీసుకుంది. ఉపేందర్ తన తండ్రి తలను మెల్లగా ఎత్తి పట్టుకున్నాడు.