ఆఖరి గడిలో సంబంధం

"ఆగండి! ఆ కాలు అక్కడే!"

ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. ఒక కాలు గుమ్మం బయట ఉంది, రెండోది గాల్లో ఉంది. వెనక వాన దంచికొడుతోంది. కాలర్ లోంచి నీళ్ళు వీపు మీదికి జారుతున్నాయి.

ఎదురుగా తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో తుడుపు కర్రతో నిలబడి ఉంది.

"ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను. ఇది మా బామ్మ నడిచే దారి. ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు."

"ఎంతసేపు?"

ఆమె చేతి గడియారం చూసుకుంది. "నాలుగు నిమిషాలు."

"అంతసేపూ ఈ కాలు ఇలాగే ఉంచాలా?"

"కింద పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? కొంగజపం చెయ్యమన్నానా నేను?"

అతను కాలు దించాడు. ఆమె ఇంకా దారివ్వలేదు.

"చూడ్డానికి వచ్చేవాళ్ళకి సాయంత్రం నాలుగు తర్వాతే."

"నేను ఎవర్నీ చూడ్డానికి రాలేదు."

"చేరడానికైతే అరవై నిండాలి. మీకింకా టైముంది."

అతను తడిసిన జేబులోంచి కార్డు తీసి చూపించాడు. తనిఖీ అధికారి. ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. అయినా తుడుపు కర్ర మాత్రం అడ్డు తియ్యలేదు.

"ఇన్‌స్పెక్టర్ అయితే మాత్రం నేల జారదా ఏంటి? ఇంకా రెండు నిమిషాలుంది."

అతని ఫారంలో మొదటి గడి: 'జారిపడకుండా తీసుకునే జాగ్రత్త.' వానలో నిలబడే పదికి పది వేశాడు. చలికి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే సున్నా వంకరగా వచ్చింది.

అది ఇరవై రెండు మంది పెద్దవాళ్ళు ఉండే ఇల్లు. ఆ అమ్మాయి వాళ్ళని చూసుకునే హెడ్ నర్సు. మందు బిళ్ళ క్షణం అటూ ఇటూ కాకుండా ఇస్తుందని అందరూ ఆమెను 'గడియారం' అంటారు. రెండేళ్ళకోసారి వచ్చే తనిఖీ మూడు రోజులు సాగుతుంది. పాసైతే లైసెన్సు వస్తుంది. తప్పితే ఇల్లు మూతపడి, ఇరవై రెండు మందీ తలో దిక్కుకీ వెళ్ళిపోవాలి.

తనిఖీకి ఒక నియమం ఉంది. మొదటి రోజు ఇన్‌స్పెక్టర్ అందరి ముందూ నిలబడి ఒక వాక్యం చదవాలి. మూడో రోజు అదే వాక్యం పక్కన, ఆఖరి గడిలో, సంతకం పెట్టాలి.

హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు. అతను గొంతు సవరించుకుని చదివాడు.

"ఇక్కడ ఎవరితోనూ నాకు ఏ సంబంధమూ లేదు."

ముందు వరసలో, ఆ ఇంట్లో అందరూ బామ్మ అని పిలిచే పెద్దావిడ ఉంది. బామ్మకి చెవి మిషను ఉంది కానీ, బ్యాటరీ అయిపోతుందని దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. మంచి మాటల కోసం దాచుకుంటున్నానంటుంది. ఆమెకి వినబడింది రెండే మాటలు. సంబంధం. లేదు.

"అయ్యో నాయనా!" అంది బామ్మ, హాలంతా వినబడేలా. "ఇంత ఈడొచ్చినా ఇంకా ఏ సంబంధమూ కుదరలేదా?"

గడియారం అప్పుడు మందుల గదిలో ఉంది. కనుక ఆమెకి ఈ సంగతి తెలీదు. బామ్మ పక్కకి తిరిగి, పక్కామె చెవిలో ఊదింది. పక్కామె ఆ పక్కామెకి ఊదింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ మధ్యాహ్నం టీ వచ్చేలోపు ఇరవై రెండు మంచాలు దాటింది: అబ్బాయి ఫైలు పట్టుకొచ్చింది మన గడియారాన్ని చూసుకోడానికే!

ఆ సాయంత్రం బామ్మ గదిలో పిలుపు గంట నొక్కి అతను సెకన్లు లెక్కపెట్టాడు. మూడు నిమిషాల్లో ఎవరో ఒకరు రావాలని నియమం. ముప్పై ఎనిమిది సెకన్లకి గడియారం పరుగెత్తుకొచ్చింది, ఒక కాలికే చెప్పుతో.

"ఏమైంది బామ్మా?"

"నాకేం కాలేదే. అబ్బాయి పిలిచాడు." బామ్మ అతని వైపు తిరిగి కళ్ళెగరేసింది. "చూశావా నాయనా, ఎంత ఆత్రమో!"

"రెండో చెప్పేదండీ?" అన్నాడు అతను.

"దార్లో ఉంది. దానికీ మార్కులు కోస్తారా?"

"చెప్పుకి గడి లేదు ఇందులో."

ఆమె నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది. అతను ముప్పై ఎనిమిది సెకన్లు అని రాయబోయి ముప్పై ఎనిమిదేళ్ళు అని రాసి, కొట్టేశాడు.

రెండో రోజు ఒక్కొక్కరినీ ప్రశ్నలడిగాడు. ఎవరేమంటే అది అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

"మందులు టైముకి ఇస్తున్నారా?"

"పిల్ల బంగారం."

"నిప్పంటుకుంటే ఏ తలుపులోంచి బయటికెళ్ళాలో తెలుసా?"

"పిల్ల బంగారం నాయనా."

"రాత్రిపూట దుప్పట్లు సరిపోతున్నాయా?"

"దుప్పటి సంగతి తర్వాత. నీకు కోపం ఎక్కువా? మా పిల్లకి కోపం ఎక్కువ. ఇద్దరికీ ఉంటే ఇల్లు నిలవదు."

సాయంత్రానికి ఇరవై రెండు కాగితాల మీద ఒకటే మాట. ఇన్‌స్పెక్టర్ నుదురు రుద్దుకున్నాడు. అందరూ ఒకే జవాబు చెబితే, ముందే నేర్పించారని అర్థం. నేర్పించడం అన్ని తప్పులకన్నా పెద్ద తప్పు. ఇంక ఏ గడిలో పదికి పది వచ్చినా లైసెన్సు రాదు.

అతను మందుల గది తలుపు తట్టాడు.

"వీళ్ళకి మీరే నేర్పించారా?"

"ఏం నేర్పించాను?"

"పిల్ల బంగారం అని. ఇరవై రెండు సార్లు ఉంది."

ఆమె కాగితాలు తీసుకుని చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే రకాన్ని కాను నేను. రండి ఇలా!"

అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆరో గది స్నానాలగదికి లాక్కెళ్ళింది. గోడకున్న పట్టుకమ్మీని రెండు చేతులతో ఊపింది. అది కదిలిన పన్నులా ఊగింది.

"ఇది చూశారా మీరు?"

"లేదు."

"మీరు చూడలేదు. నేనే చూపిస్తున్నాను. బాగుచెయ్యమని ఓనరుకి మూడుసార్లు రాశాను. అప్పటిదాకా ఈ గదిలో వాళ్ళకి చెయ్యందించి నేనే స్నానం చేయిస్తున్నాను. రాసుకోండి. మార్కులు కొయ్యండి. మాటలు నేర్పించేదాన్నైతే నా తప్పులు నేనే చూపిస్తానా?"

అతను రాసుకోలేదు. ఆమెనే చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో తప్పులు దాచినవాళ్ళని చూశాడు కానీ, చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించినవాళ్ళని చూడలేదు.

"ఏంటలా చూస్తున్నారు?"

"కమ్మీ... కమ్మీని చూస్తున్నాను."

"కమ్మీ అటుంది."

తలుపు దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. మాస్టారు. ఒకప్పుడు బడిలో వ్యాకరణం చెప్పినాయన. నాలుగేళ్ళుగా బామ్మతో రోజూ బల్ల మీద పిక్కలతో దాడి ఆట ఆడి, రోజూ ఓడిపోతున్నాడు.

"తప్పు పిల్లది కాదు బాబూ, మీ వాక్యానిది. సంబంధం అనే మాటకి రెండర్థాలు. మీరొకటి చదివారు, మా బామ్మ రెండోది వింది. వీళ్ళు సాక్ష్యం చెప్పలేదు, సంబంధం కుదురుస్తున్నారు!"

గడియారం ముఖం రెండు చేతులతో కప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ కమ్మీని పట్టుకోబోయాడు. అది ఊగింది. మాస్టారు పట్టుకోకపోతే జారిపడేవాడే.

మూడో రోజు పొద్దున మాస్టారు అందరికీ విషయం విడమర్చి చెప్పాక, అతను మళ్ళీ మొదట్నించీ ప్రశ్నలడిగాడు. ఈసారి నిజం జవాబులొచ్చాయి. దుప్పట్లు చాలట్లేదని ఒకరు, టీ పల్చనని నలుగురు చెప్పారు. కమ్మీకి ఐదు మార్కులు కోశాడు. అయినా ఇల్లు దర్జాగా పాసైంది.

ఆఖరి గడి ఒక్కటే మిగిలింది.

అతను పెన్ను మూత తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. చివరికి కాగితం పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"ఈ వాక్యం మొన్న చదివినప్పుడు నిజమే. ఇప్పుడు సంతకం పెడితే సగం అబద్ధం."

"మిగతా సగం?"

"మీ చేతిలో ఉంది. సంబంధం అంటే రెండు పక్కలా ఒప్పుకోవాలిగా. మీరు కాదంటే 'లేదు' అని రాసి వెళ్ళిపోతాను. మీ మార్కులు మీకుంటాయి."

"ఔనంటే?"

"నా రిపోర్టు చెల్లదు. మా పెద్ద మేడమ్ వచ్చి మొత్తం మళ్ళీ చూస్తారు. ఆవిణ్ణి ఎర్రసిరా మేడమ్ అంటారు. ఇప్పటికి పదకొండు ఇళ్ళు మూయించారు."

ఆమె హాల్లోకి చూసింది. కిటికీ దగ్గర బామ్మ, మాస్టారు దాడి ఆడుకుంటున్నారు. బామ్మ దొంగాట ఆడుతోంది. మాస్టారు చూసీ చూడనట్టున్నాడు.

"నా మనసు కోసం వీళ్ళ ఇల్లు పందెం పెట్టమంటారా?"

"వద్దు. అందుకే అడుగుతున్నాను. లేదనండి, చాలు. నేనేమీ అనుకోను." గొంతు మాత్రం ఏదో అనుకుంటున్నట్టే ఉంది.

"మీరు నాకు జాలి మార్కులేమైనా వేశారా?"

"ఒక్కటి కూడా వెయ్యలేదు. టీకి మూడే వేశాను."

"అంటే మా వాళ్ళు నిజంగానే పాసయ్యారు."

"నిజంగానే."

"మరి తాటాకు చప్పుళ్ళకి బెదరడం దేనికి? రమ్మనండి మీ ఎర్రసిరాని!"

అతని చేతిలోంచి పెన్ను లాక్కుంది. ఆఖరి గడిలో 'లేదు' అని అచ్చులో ఉన్న మాట కొట్టేసి, 'ఉంది' అని రాసింది. మందుల చార్టులో రాసే అలవాటుకొద్దీ, పక్కనే టైము కూడా వేసింది: 4.12.

వారం తర్వాత ఎర్రసిరా మేడమ్ దిగింది. అప్పుడూ వానే. గుమ్మం దగ్గర నాలుగు నిమిషాలు నిలబడింది. గోడలు తట్టింది, గంటలు నొక్కింది, కొత్తగా బిగించిన కమ్మీకి వేలాడి చూసింది. మూడో రోజు కాగితం మడిచి, పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టర్‌నీ, గడియారాన్నీ చూసింది.

"ముప్పై ఏళ్ళుగా ఈ ఫారం చూస్తున్నాను. ఆ గడిలో నిజం రాసినవాళ్ళని ఇప్పుడే చూశాను. ఇల్లు పాసు. మీరిద్దరూ కూడా."

హాలంతా చప్పట్లు మోగాయి. బామ్మ కళ్ళు తుడుచుకుని, ఇదే మంచి మాటల సమయమని చెవి మిషను వెతుక్కుంది. అది తగిలించుకునేలోపే మేడమ్ లేచి, సంతకానికి ముందు వాక్యం మరోసారి పైకి చదివింది.

"ఇక్కడ ఎవరితోనూ నాకు ఏ సంబంధమూ లేదు."

బామ్మ మిషను ఒళ్ళో పడేసి, దాడి బల్ల అవతలికి వంగింది.

"విన్నారా మాస్టారూ? పాపం, ఈవిడకీ కుదరలేదట. కాస్త జుట్టు దువ్వుకోండి!"