నలభై రెండో అక్షాంశం మీద లోయ

కొండలు గీయడంలో తనని మించినవాడు లేడనిపించుకున్న పెద్ద డ్రాఫ్ట్స్‌మన్, ఉదయం పదకొండింటికి, మ్యాపుల ఆఫీసులో తన బల్ల మీదే కొండెక్కిపోయాడు. బ్రష్షు కొసను నాలుక మీద సన్నం చేసుకోవడం ఆయన ముప్పై ఏళ్ల అలవాటు. ఆ అలవాటుకి ఎవరో విషం అద్దారు.

పది నిమిషాల్లో ఏజెంట్ స్కేలు అక్కడ వాలాడు. ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు. డిపార్ట్‌మెంట్ ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఇవాళ్టి వేషం గడియారాల మెకానిక్. సంచిలో స్క్రూడ్రైవర్లు, వాటి కింద వైర్‌లెస్. చెవిలో చీఫ్.

"పదకొండూ ఇరవైకి ఫ్లైట్ కొండల్లోకి దూరుతుంది. శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన తొమ్మిది మందీ అందులోనే ఉన్నారు. నడిపేదెవరో తెలుసుగా?"

తెలుసు. అక్క మొగుడు.

నలభై రెండో అక్షాంశం మూడు ఖండాల మీదుగా పోతుంది. దారిలో ఎన్ని పర్వతశ్రేణులు అడ్డం నిలబడినా మొహమాటం లేకుండా వాటి నెత్తిమీంచే పోతుంది. గీత కాబట్టి చెల్లింది. విమానానికి ఆ తలరాత లేదు. ఖండం పొడవునా ఉత్తర దక్షిణాలుగా గోడ కట్టినట్టున్న ఈ శ్రేణిలో, సరిగ్గా ఆ గీత మీద ఒక లోయ ఉందంటోంది చనిపోయిన పెద్దాయన గీయగా ఈ ఆఫీసు అచ్చేసిన కొత్త మ్యాపు. బావ రాడార్‌కి చిక్కకుండా, మబ్బులో, ఆ మ్యాపునే నమ్ముకుని వస్తున్నాడు.

"పైకి లేవమని చెప్పేద్దాం సార్!"

"లేస్తే తొంభై సెకన్లు అవతలివాళ్ల మిస్సైళ్లకి కనిపిస్తాడు. అనవసరంగా లేపావో, మిస్సైలు. అవసరమై కూడా లేపలేదో, కొండ. మ్యాపు దొంగదో కాదో తేల్చు. దొంగదైతే 'గాలిపటం' అను, లేస్తాడు. కొండ దాటి మనవైపుకొచ్చాకే తిరిగి నోరు విప్పుతాడు."

రంగుల సెక్షన్ హెడ్‌ని అందరూ పట్టు మేడం అంటారు. మెడలో పట్టు స్కార్ఫు, మాటలో పట్టు. రెండు దేశాల జీతం తింటున్నా ఇంతవరకూ పట్టుబడలేదు. మన డిపార్ట్‌మెంట్ ఆవిణ్ణి మన మనిషే అనుకుంటోంది.

"గోడ గడియారం ఎంత వెనక నడుస్తోంది?" అన్నాడు స్కేలు.

"నలభై రెండు నిమిషాలు." కోడ్ కలిసింది. ఆవిడ మ్యాపు పరిచింది. "పాపం, పెద్దాయన చివరి మ్యాపు. గీతలు ఆయనవి, నీడలు నావి. లోయ చూడు, ఎంత ముద్దుగా ఉందో!"

ముద్దుగానే ఉంది. ఒక గట్టు మీద నీడ ఇటునుంచి తీసి అటు వేస్తే కంటికి అది పల్లమైపోతుంది. కానీ నీడ కింద పెద్దాయన గీసిన నీలి వాగులు ఆరున్నాయి. వాగు పుట్టినచోట వెంట్రుకంత, పోనుపోను పుల్లంత గీయాలి. ఆరింటి వెంట్రుక కొసలూ లోయ అడుగునే ఉన్నాయి. అక్కణ్ణుంచి లావెక్కుతూ రెండువైపులా గోడల మీదికి పాకుతున్నాయి.

స్కేలు చేతి గడియారంలో పదకొండూ పంతొమ్మిది.

"మేడం, మీ లోయలో నీళ్లు కింద పుట్టి పైకి పారుతున్నాయేంటండీ?"

ఆవిడ నవ్వు చెదరలేదు. "పైలట్లు వాగులు చూడరు బాబూ. నీడలే చూస్తారు."

"పెద్దాయన చూశాడుగా."

"అందుకేగా పెద్దాయన లేడు!"

లిప్‌స్టిక్ మూత తిరిగింది. అందులోంచి వచ్చింది ఎరుపు కాదు, సూది. స్కేలు సంచి అడ్డం పెట్టాడు; సూది తోలులో దిగింది. ఆవిడ చెయ్యి బల్లకేసి నొక్కిపట్టి, రెండో చేత్తో వైర్‌లెస్ స్విచ్ నొక్కి అరిచాడు.

"గాలిపటం! గాలిపటం!"

గోడ మీద సెకన్ల ముల్లు నడుస్తోంది. బల్ల మీద చెంప ఆనించి ఆవిడ మెల్లగా లెక్కపెడుతోంది. "ఎనభై... ఎనభై ఒకటి..." స్కేలుకి అక్క మొహం కళ్లముందు మెదిలింది. తొంభై అయింది. తొంభై అయిదు. ఆవిడ లెక్క ఆపేసి, జాలిగా అతని వైపు చూసింది.

వైర్‌లెస్ గరగరలాడింది.

"ఏరా బావమరిదీ, అది లోయని చెప్పిచచ్చారు మీవాళ్లు. దాని నెత్తిన మంచేంట్రా?"